బంకనేలలో విద్యుత్తుతో నీటి కదలిక: గణిత నమూనా ఏమి చెబుతుంది?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీటిని తెస్తాయి. ఆ నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు. అందువల్ల ఏలూరు దిగువ పల్లపు భూములలో మురుగునీటి పారుదల కీలక సమస్య. బంకమట్టి రంధ్రాలు అతి సూక్ష్మమైనవి కనుక కాలువ తవ్వినా నేలలోని నీరు త్వరగా దానిలోకి దిగదు. ఈ నీటిని విద్యుత్తుతో కదిలించడం సాధ్యమా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

బంక రేణువుల ఉపరితలంపై రుణావేశం ఉంటుంది. దానిని తటస్థపరచే ధన అయాన్లు చుట్టూ ఉన్న నీటిపొరలో చేరి ఉంటాయి. తడినేలలో రెండు ఎలక్ట్రోడ్లు అమర్చి ఏకముఖ విద్యుత్తును పంపినప్పుడు ఈ అయాన్లు కాథోడు వైపు కదులుతూ నీటిని వెంట లాక్కుపోతాయి. దీనినే విద్యుత్ ద్రవాభిసరణ అంటారు. దీనిపై తన ప్రయోగాలను రాయిస్ 1809లో ప్రచురించగా, హెల్మ్‌హోల్ట్జ్ 1879లోను, స్మొలుకోవ్‌స్కీ 1903లోను గణిత రూపమిచ్చారు.

సరళ నమూనాలో నీటి వేగం రెండు పదాల మొత్తం. మొదటిది జలవాహకత, నీటిమట్టపు వాలుల లబ్ధం. రెండవది విద్యుత్ ద్రవాభిసరణ గుణకం, వోల్టేజి వాలుల లబ్ధం. తాడేపల్లిగూడెం మెట్టలోని ఇసుకపాలు ఎక్కువైన నేలల నుండి కొల్లేరు బంక వరకు వెళితే మొదటి గుణకం వేల రెట్లు పడిపోతుంది. రెండవది మాత్రం పెద్దగా మారదు. అందుచేత ఈ పద్ధతికి బంకనేలలోనే అర్థముంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక హెక్టారులో 1 మీటరు మందపు బంకపొరకు పైన, అడుగున వల వంటి ఎలక్ట్రోడ్లు ఉన్నాయనుకుందాం. జలవాహకత సెకనుకు 10⁻⁹ మీటర్లు, వాలు 1 అయితే గురుత్వాకర్షణ వల్ల కదిలే నీరు రోజుకు 0.09 మిల్లీమీటర్లు. విద్యుత్ గుణకం 5×10⁻⁹ చ.మీ./వోల్టు–సెకను, వోల్టేజి వాలు మీటరుకు 10 వోల్టులు అయితే అది 4.3 మిల్లీమీటర్లు, అనగా సుమారు 50 రెట్లు.

ఇక్కడితో ఆగితే నిర్ణయం తప్పుతుంది. నేల విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసీసీమెన్ అయితే ఈ హెక్టారుకు 100 కిలోవాట్లు, రోజుకు 2,400 యూనిట్లు కావాలి. బయటికి వచ్చే నీరు 43 ఘనపు మీటర్లే. పాలచౌడు నేలలో వాహకత పెరిగి ఖర్చు హెచ్చుతుంది. లవణాల వల్ల నీటిని లాగే గుణకం తగ్గుతుంది కూడా.

పైగా గుణకాలు కాలంతో మారుతాయి. ఆనోడు వద్ద ఆమ్లం, కాథోడు వద్ద క్షారం ఏర్పడతాయి. ఆనోడు పరిసరాల మట్టి ఎండి నిరోధం పెరుగుతుంది. కనుక సిమ్యులేషన్‌లో నీటి పీడనం, వోల్టేజి, అయాన్ల గాఢత, ఉదజని సూచిక అనే నాలుగింటి సమీకరణాలను ప్రతి కాలదశలోను కలిపి సాధించాలి. స్థిర గుణకాలతో చేసిన అంచనా మొదటి కొద్ది రోజులకే వర్తిస్తుంది.

జర్మనీలో కాసాగ్రాండే 1939లో రైలుమార్గపు కోతగట్టును ఈ పద్ధతితో స్థిరపరచాడు. తక్కువ పరిమాణపు మట్టికి, ఎక్కువ విలువైన పనికి ఇది తగును. వరిచేలకు మాత్రం కాలువల పూడికతీత, భూగర్భ మురుగు గొట్టాలే మార్గం. విద్యుత్తుతో చౌడు పోతుందని ఎవరైనా ప్రతిపాదించినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు మొదట ఆ నేల విద్యుత్ వాహకతను కొలిచి, ఘనపు మీటరు నీటికి ఎన్ని యూనిట్లు పడతాయో లెక్కించి రైతుకు చెప్పాలి.