జురాంగ్ ఐలాండ్ మంట గురించి పిల్లలు అడిగితే

వెస్ట్ కోస్ట్ వైపు ఉండే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు: “టీచర్, రాత్రి జురాంగ్ ఐలాండ్ మీద ఆ మంటేంటి?” ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి 2009 నాటికి ఒక్కటి చేసిన చోటది. పాస్ లేనిదే లోపలికి పోనివ్వరు, కాబట్టి దూరం నుంచి ఊహించుకోవడమే. సెలవులకొచ్చిన అమ్మమ్మ “జ్వాలాముఖి అమ్మవారిలా ఉంది” అని దండం పెట్టి ఉంటుంది. అక్కడే పనిచేసే నాన్న “అది ఫ్లేర్” అని తేల్చేసి ఉంటాడు.

ముందు ఫ్లేర్ సంగతి చెప్పండి. ప్లాంటులో ఒత్తిడి పెరిగినా, యూనిట్ ఆపాల్సి వచ్చినా మిగులు గ్యాస్‌ను ఎత్తైన గొట్టం కొసకు పంపి కాల్చేస్తారు. ఊరికే వదిలేస్తే పోగై పేలవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లోని జ్వాలాముఖి గుడిలో ఎవరూ పంపకుండానే రాతి పగుళ్లలోంచి సహజవాయువు వచ్చి మండుతుంది. సతీదేవి నాలుక పడిన చోటని స్థలపురాణం. నూనె, వత్తి లేకుండా వెలిగే మంటను ఆ కాలంవాళ్లు ఏమనుకోవాలి? పిల్లల్నే అడగండి, జవాబులు భలే ఉంటాయి.

ఏం మండుతోందో సైన్సు చెబుతుంది. అక్కడ రాజీ వద్దు, “దేవుడి మహిమ” అని దాటేయకండి. మీకు తెలియకపోతే “తెలియదురా, కనుక్కుందాం” అనండి. కానీ అమ్మమ్మ చేతులెందుకు జోడించిందో గ్యాస్ చెప్పదు. “అదంతా మూఢనమ్మకం” అని క్లాసులో అనేస్తే పిల్లాడు ఆవిడని మళ్లీ ఏమీ అడగడు. వాడితో పూర్తిగా తెలుగులో మాట్లాడేది చాలాసార్లు ఆవిడొక్కరే.

ఇంటిపని: “మంట ఎలా వస్తుంది?” అని నాన్ననో అమ్మనో అడిగి రెండు వాక్యాలు, “చూస్తే ఏమనిపించింది?” అని అమ్మమ్మని అడిగి, ఊళ్లో ఉంటే ఫోన్లో, మరో రెండు. నాలుగూ తెలుగులోనే.