అటకెక్కిన కంప్యూటరు

పిల్లలూ, ఎండాకాలం మధ్యాహ్నంపూట మీ ఇంట్లో ఫ్యాను హఠాత్తుగా ఆగిపోయిందనుకోండి. మీ అమ్మ వెంటనే ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టదు. ముందు లైటు వేసి చూస్తుంది. లైటు కూడా వెలగకపోతే కరెంటు పోయిందన్నమాట. లైటు వెలిగితే తప్పు ఫ్యానులోనో, దాని స్విచ్చిలోనో ఉన్నది. ఒక్క లైటు వేసి ఆవిడ సగం అనుమానాలను కొట్టిపారేసింది! కంప్యూటరు మొరాయించినప్పుడు చెయ్యవలసింది కూడా సరిగ్గా ఇదే. కాని ఆ పెట్టెను చూడగానే పెద్దవాళ్లకు సైతం ఎందుకో ఈ తెలివి పనిచెయ్యదు.

గుంటూరులో మేము ఉండేది బ్రాడీపేట. మాకు రెండిళ్ల అవతల ఒక గుమాస్తాగారు ఉన్నారు. ఆయన పని మిర్చియార్డులో. పెద్దమ్మాయి పదో తరగతి, పిల్లవాడు ఆరు. ఒకనాటి సాయంత్రం ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, "మాస్టారండీ, మా కంప్యూటరు ఇక పనికిరాదన్నారు. 2012లో కొన్నది. కొత్తది కొనాలంటే ముప్ఫయి అయిదు వేలట. వడ్డీకి తేవాలి," అన్నాడు.

షాపులో అతనికి చెప్పింది అబద్ధమేమీ కాదు. విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినై. విండోస్ 11 అంత పాత యంత్రాలకు ఎక్కదు. కాని బండికి టైరు అరిగిపోయినంత మాత్రాన బండిని తగలబెడతామా?

"అది కాదండీ, అందులో మా అమ్మ ఫొటోలు ఉన్నై. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇంకెక్కడా లేవు," అన్నాడాయన. ఈ మాట విన్న తరువాత నేను కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్లాను.

కంప్యూటరును అటక మీదినుంచి దించారు. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. పెట్టెలోనుంచి "కూ... కూ..." అంటూ ఆగి ఆగి ఒకటే కూత. "చచ్చిపోయిందండీ," అన్నాడు పిల్లవాడు. "చచ్చినవాడు కూస్తాడటరా?" అన్నాను. ఆ కూత ఊరికే రాదు. తెర మీద రాయటానికి వీలులేనప్పుడు, తన బాధ చెప్పుకోవటానికి యంత్రం ఆ విధంగా కూస్తుంది. కూతల లెక్కకు అర్థం ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధంగా ఉంటుంది. అయినా ఆగి ఆగి వచ్చే పొడుగు కూత వింటే ముందు అనుమానించవలసింది ర్యామును. అది అరచేయంత పొడుగున్న సన్నని పలక. యంత్రం తాను చేస్తున్న పనిని అప్పటికి జ్ఞాపకం పెట్టుకునే చోటు అదే.

పెట్టె విప్పేముందు ప్లగ్గు గోడనుంచి పూర్తిగా లాగేశాము. తరువాత మీటను నాలుగైదు సెకండ్లు నొక్కి పట్టుకుంటే, లోపల మిగిలిన కాస్త కరెంటూ ఖర్చయిపోతుంది. చేత్తో ఒకసారి పెట్టె ఇనుమును ముట్టుకోవాలి, ఎందుకంటే మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులకు చేటు చెయ్యవచ్చు. పిల్లలు ఈ పని ఒంటరిగా చెయ్యకూడదు. కరెంటు సరఫరా చేసే లోపలి డబ్బాను పెద్దవాళ్లు కూడా విప్పకూడదు.

మూత తీసేసరికి నాకూ పిల్లలకూ ఒకేసారి తుమ్ములు వచ్చినై. పదమూడేళ్ల దుమ్ము! యార్డునుంచి గుమాస్తాగారి బట్టలతో వచ్చిన మిరపకోరు అందులో ఎంత ఉన్నదో చెప్పలేను. మెత్తని కుంచెతో దులిపి, ర్యామును ఊడదీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు పళ్లను అమ్మాయి పెన్సిలు రబ్బరుతో రుద్దింది. తిరిగి పెట్టినప్పుడు రెండువైపులా క్లిప్పులు "టక్" మనాలి. అన్నై. మీట నొక్కాము. కూత లేదు. తెర మీద అక్షరాలు వచ్చినై. దీనికైన ఖర్చు అరిగిన రబ్బరు ముక్క.

ఇక దానికి ఏ వ్యవస్థ ఎక్కించాలి? నేను లినక్స్ అన్నాను. దాని కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1991 ఆగస్టు 25న ఫిన్లెండు దేశపు హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవైయొక్కేళ్ల విద్యార్థి, తాను సరదాకు ఒక ఆపరేటింగు సిస్టం రాస్తున్నానని నలుగురికీ తెలియజేశాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఎవరైనా చదివి, మార్చి, పంచుకోదగిన ప్రోగ్రాములు తయారుచేయటానికి గ్నూ అనే ఉద్యమం ప్రారంభించాడు. రెండూ కలిసినై. ఇప్పుడు మీ నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది లినక్సే. 2021 ఏప్రిల్ 19న అంగారకగ్రహం మీద మొదటిసారి ఎగిరిన చిన్న హెలికాప్టరును నడిపినదీ లినక్సే. మన హైదరాబాదులో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' అనే సంస్థవారు తెలుగు మెనూలతో ఒక లినక్స్ తయారుచేశారు. నేను గుమాస్తాగారి యంత్రానికి ఎన్నుకున్నది లినక్స్ మింటులో తేలికరకం. దానికి కనీసం 2 జీబీ ర్యాము, 20 జీబీ డిస్కు చాలు. ర్యాము 4 జీబీ ఉంటే హాయి. ఈ యంత్రంలో సరిగ్గా నాలుగే ఉన్నది.

మా ఇంట్లో ఆ ఫైలును దింపి పిల్లవాడి చేతికిచ్చి, "దీన్ని పెన్‌డ్రైవుకు ఎక్కించు," అన్నాను. వాడు పాటను కాపీ చేసినట్టు కాపీ చేసి తెచ్చాడు. యంత్రం దాన్ని చూడనైనా చూడలేదు. పత్తి విత్తనాలను సంచితో సహా చేలో పెట్టి వస్తే మొలుస్తాయా? సంచి విప్పి నాటాలి. ఆ ఫైలు ఒక మూట. దాన్ని విప్పి, యంత్రం మేల్కొనేందుకు వీలుగా పెన్‌డ్రైవు మీద పరిచే పనికి వేరే ప్రోగ్రాము ఉన్నది. దాని పేరు ఇమేజ్ రైటరు. రెండోసారి వాడే దానితో చేశాడు. (తప్పు నాది. ఎలా ఎక్కించాలో చెప్పకుండా ఎక్కించమన్నాను. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి!)

మీట నొక్కిన వెంటనే ఎఫ్ 12 మీటను టకటకా కొడితే, దేనితో మేల్కొనాలో యంత్రం అడుగుతుంది. కొన్ని కంపెనీలవాటికి ఎఫ్ 9, ఎఫ్ 11, లేదా ఎస్కేప్. పెన్‌డ్రైవును చూపించాము. రెండు నిమిషాల్లో ఆకుపచ్చ గుర్తుతో కొత్త తెర వచ్చింది. లినక్సులో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: డిస్కును ముట్టుకోకుండా, పెన్‌డ్రైవు మీదినుంచే నడిపి, మన యంత్రానికి సరిపడుతుందో లేదో చూసుకోవచ్చు. పెళ్లికి ముందు పెళ్లిచూపుల వంటిది.

అమ్మాయి ఉత్సాహంగా, "తాతగారూ, ఇన్‌స్టాల్ అని ఉన్నది, నొక్కనా?" అన్నది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎందుకో చెబుతాను. 2019లో, రిటైరైన కొత్తల్లో, నేను ఒంటరిగా ఈ విద్య నేర్చుకున్నాను. 'డిస్కును చెరిపి ఇన్‌స్టాల్ చెయ్యి' అని ఒక గుండ్రం కనిపించింది. చదివాను. చదివి కూడా నొక్కాను. ముప్ఫయియొక్క సంవత్సరాల తరగతి గ్రూపు ఫొటోలు, నేను ఒక్కొక్కటే స్కాను చేసి దాచుకున్నవి, అరగంటలో పోయినై. అసలు ఫొటోలను అంతకు ముందు వానాకాలంలో చెదలు తినేసినై. పాత విద్యార్థులను అడిగి అడిగి ఇప్పటికి పదకొండు సంపాదించాను. తక్కినవి ఇక దొరకవని నాకు తెలుసు.

అందుచేత ముందు ఫొటోలు వెతికాము. పెన్‌డ్రైవు మీద నడుస్తున్న లినక్సులోనుంచే పాత డిస్కు తెరుచుకున్నది. మూడో అరలో 'ఊరు' అనే పేరుతో ఒక ఫోల్డరు, అందులో 64 ఫొటోలు. వాటిని ఇంకొక పెన్‌డ్రైవుకు ఒకసారి, గుమాస్తాగారి ఫోనుకు ఒకసారి కాపీ చేశాము. లెక్క సరిపోగానే అయిపోయిందనుకోరాదు, తెరిచి చూడాలి. అరవైనాలుగూ ఒక్కొక్కటే ఫోనులో తెరిచి చూశారాయన. ఆవిడ మిరపకాయలు ఆరబోస్తున్న ఫొటో దగ్గర చాలాసేపు ఆగారు. మేము ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అమ్మాయితో, "ఇప్పుడు నొక్కు," అన్నాను.

అరగంటకు లినక్స్ ఎక్కింది. చిక్కులు మాత్రం అప్పుడే మొదలైనై!

మొదటిది, పాట పెడితే వినపడదు. స్పీకరు తీగ సరిగానే ఉన్నది. శబ్దం గుర్తు మీద నొక్కి చూస్తే, యంత్రం పాటను తెరకు పంపుతున్నది. తెరకేమో స్పీకర్లు లేవు! దారి మార్చగానే పాట మోగింది.

రెండోది వై-ఫై. యంత్రానికి వెనక గుచ్చే చిన్న పుల్ల ఒకటి ఉన్నది. అది విండోసులో పనిచేసేది, ఇక్కడ ఉలకదు, పలకదు. ఇటువంటప్పుడు పుల్ల మీద అచ్చువేసిన కంపెనీ పేరు చూసి లాభం లేదు, ఒకే పేరుతో అమ్మే పుల్లల్లో వేరువేరు చిప్పులు ఉండవచ్చు. టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిచి, ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలు చిన్నబడిలో, మధ్య ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. గుచ్చిన పరికరాల జాబితా వస్తుంది. ఒక్కొక్క దానికీ రెండు సంఖ్యలు, మధ్య రెండు చుక్కలు. మా బ్రాడీపేటలో చిరునామా 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. పోస్టుమాను ఇక ఏమీ అడగడు. అలాగే ఇక్కడ మొదటి సంఖ్య కంపెనీది, రెండోది ఆ కంపెనీ వస్తువుది. ఆ రెండు సంఖ్యలూ ఇంటర్నెట్టులో వెతికితే అసలు పేరు తెలిసిపోతుంది.

"ఇంటర్నెట్టే లేదు గదా, ఎలా వెతుకుతాం?" అన్నాడు పిల్లవాడు. మంచి ప్రశ్న. గుమాస్తాగారి ఫోనును తీగతో యంత్రానికి తగిలించి, ఫోనులో 'యు.ఎస్.బి. టెథరింగు' పెట్టాము. ఫోను ఇంటర్నెట్టు యంత్రానికి వచ్చింది. వెతికితే తేలినదేమంటే, ఆ చిప్పును నడిపే డ్రైవరు లినక్స్ కొత్త కెర్నెల్‌లో చేరింది, మేము ఎక్కించినది అంతకు పాతది. కెర్నెల్ అంటే గింజ, వ్యవస్థకు నడిమి భాగం. అప్‌డేట్ మేనేజరులో కెర్నెళ్ల పట్టిక ఉన్నది. కొత్తదాన్ని ఎక్కించి, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టేసరికి చుట్టుపక్కల ఇళ్ల వై-ఫై పేర్లన్నీ వరసగా వచ్చినై. కొత్త కెర్నెల్ నచ్చకపోతే పాతది ఎక్కడికీ పోదు, యంత్రం మేల్కొనేటప్పుడు దాన్ని ఎంచుకోవచ్చు.

ఈ పనులన్నిటిలో పిల్లలకు ఒకటే షరతు పెట్టాను: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది నోటుబుక్కులో రాయాలి. నాలుగు మార్చి బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు, నాలుగు మార్చి చెడిపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. తెర మీద తప్పు అని ఏది వచ్చినా, ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా రాసుకోవాలి. "ఏదో ఎర్రగా వచ్చిందండీ" అంటే ఎవరూ సాయం చెయ్యలేరు.

మర్నాడు పొద్దున్నే పిల్లవాడు పరుగెత్తుకు వచ్చాడు. "యంత్రం ఎఫ్ 1 నొక్కమంటున్నది! పైగా ఇవాళ 2012 జనవరి 1 అంటున్నది!" నాకు నవ్వు వచ్చింది. కరెంటు తీసేసినప్పుడు కూడా తేదీని, సర్దుబాట్లను గుర్తుపెట్టుకోవటానికి లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని మీద సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. పదమూడేళ్లు పనిచేసి అది కన్ను మూసింది. గడియారాల షాపులో కొత్తది దొరికింది.

ఇక తెలుగు. అమ్మాయికి కావలసింది అదే, తెలుగులో వ్యాసాలు రాయటం. భాషల సర్దుబాటులో తెలుగు చేర్చి, కొట్టే పద్ధతి ఎంచుకున్నాము. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తై. ఇంగ్లీషు కె ఉన్నచోట క ఉంటుంది, డి ఉన్నచోట పొల్లు. హిందీకి కూడా అదే అమరిక. ఇంకొకటి ఆర్.టి.ఎస్., ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. అందులో ఆర్ అంటే రైస్. ఇది అన్నం కాదు, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం! అమ్మాయి ఇన్‌స్క్రిప్టు ఎన్నుకున్నది. కంప్యూటరు లోపల మన అక్షరాలకు కూడా బ్రాడీపేట ఇళ్లలాగా నంబర్లున్నై. క నంబరు 3093. 'క్ష' రావాలంటే క, పొల్లు, ష, అంటే 3093, 3149, 3127 వరసగా నిలబడాలి. వాటిని ఒక్క అక్షరంగా కూర్చి చూపేది ఫాంటు. ఫాంటు లేకపోతే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనబడతై, అంతేగాని రాసినది పోదు.

అమ్మాయి మొదట కొట్టినది వాళ్ల నాయనమ్మ పేరు. అందులో ఒక వత్తు ఉన్నది. మూడుసార్లు తప్పి, నాలుగోసారి వచ్చింది.

ఇంక ప్రింటరు ఒక్కటి మిగిలింది. అది కాగితాన్ని సగం మింగి ఆగిపోతున్నది. ఇది లినక్స్ తప్పు కాదని నా అనుమానం, ఎందుకంటే యంత్రానికి తగిలించకుండా దాని సొంత మీట నొక్కినా అలాగే చేస్తున్నది. ఆదివారం పొద్దున స్క్రూడ్రైవరు, నోటుబుక్కు తీసుకురమ్మని పిల్లలతో చెప్పాను.