తాతగారి అంబాసిడర్‌ను ఉంచాలా, వదలాలా?

చింతలపూడి : ఒకనాడు ఊరు మొత్తానికి ఒక్క కారు ఉండేది. పెళ్లికూతురిని అత్తవారింటికి సాగనంపాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఏలూరు ఆసుపత్రికి చేర్చాలన్నా, ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుణ్ణి వీధి వీధికీ తిప్పాలన్నా ఆ కారే దిక్కు. ఇప్పుడు అలాంటి కార్లు రేకుల షెడ్డుల్లో ఎరువు బస్తాల పక్కన టార్పాలిన్ కప్పుకుని పడి ఉంటున్నాయి. కొన్న పెద్దాయన ఉండరు. అమ్మితే ఆయన జ్ఞాపకం పోతుందని ఒక కొడుకు అంటాడు. ఉంచితే డబ్బు దండగని రెండో కొడుకు అంటాడు. ఈ తగవు తేలకుండానే వర్షాకాలాలు గడిచిపోతాయి. తుప్పు మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగదు.

అంబాసిడర్‌ను ఈనాటి లెక్కలో విలాసపు కారు అని ఎవరూ అనరు. కొన్ననాటి లెక్క వేరు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాను తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957 ప్రాంతంలో దీని తయారీ మొదలుపెట్టారు. డబ్బు కట్టి, తమ వంతు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. 1984లో అదే కంపెనీ నుంచి కాంటెస్సా వచ్చాక స్తోమతు గలవారి చూపు దాని మీదికి మళ్లింది. కాంటెస్సా తయారీ 2002లో ఆగింది. అంబాసిడర్ 2014 మే నెలలో ఆగిపోయింది. అంబాసిడర్ అనే పేరును 2017లో ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరు అంత పలికింది గాని, షెడ్డులో ఉన్న బండికి పాత ఇనుము కొట్టువారు చెప్పే ధర వింటే యజమానికి నోట మాట రాదు.

అందుకే ముందు తేల్చుకోవలసింది జ్ఞాపకం సంగతి కాదు, బండి పరిస్థితి. సాధారణంగా ఎవరైనా బానెట్ ఎత్తి ఇంజను వైపు చూస్తారు. అది రెండో పని. మొదట చూడవలసింది అడుగు రేకు.

అడుగున ఏముందో చూడాలి

లారీకి, జీపుకు ఉన్నట్టు అంబాసిడర్‌కు కింద విడిగా ఛాసిస్ లేదు. బండి ఒళ్లే దాని ఛాసిస్. తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా సాగే పెట్టెలాంటి రేకు, అడుగు పళ్లెం, మధ్య స్తంభాలు కలిసి బరువంతా మోస్తాయి. పైన రంగు నిగనిగలాడుతున్నా ఈ భాగాలు పుచ్చిపోతే బండి బలం పోయినట్టే. గోతిలో పడ్డప్పుడు, ఇంకో బండి తగిలినప్పుడు లోపలివారిని కాచేది ఈ రేకే.

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. ఒక చాప, టార్చిలైటు, స్క్రూడ్రైవరు చాలు. బండిని దిమ్మల మీద గట్టిగా నిలిపాకనే కిందికి దూరాలి. ఒక్క జాకీని నమ్ముకుని దూరడం ప్రాణాలతో చెలగాటం. తలుపుల కింది పెట్టె రేకు, వెనక కమాన్ కట్టలు బిగించే చోటు, చక్రాల పైన బురద నిలిచే మూలలు, డిక్కీలో స్టెప్నీ కింది పళ్లెం - ఈ చోట్ల స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. టంగుమని మోగితే రేకు ఉన్నట్టు. పొరలు రాలి మొన లోపలికి దిగబడితే పని పడినట్టు. జాకీ పెట్టి ఒక పక్క ఎత్తినప్పుడు ఆ పక్క తలుపు బిగుసుకుపోతే మాత్రం అనుమానమే లేదు, అడుగు కుంగుతోంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పుచ్చిన రేకు మీద పుట్టీ రాసి, రంగు కొట్టించి, బండి కొత్తదైపోయిందని సంబరపడతారు. పుట్టీ బరువు మోయదు. పుచ్చినంత మేర కోసి, అదే మందం గల కొత్త రేకు పెట్టి వెల్డింగు చేయించి, లోపలి వైపు కూడా తుప్పు నిరోధక రంగు వేస్తేనే అది టింకరింగు. పెట్రోలు ట్యాంకు దించకుండా, బ్యాటరీ వైరు విప్పకుండా వెల్డింగుకు దిగేవారి చేతికి బండి ఇవ్వకపోవడమే మంచిది.

చింతలపూడి, లింగపాలెం, కామవరపుకోట వంటి మెట్ట మండలాల్లో బండికి శత్రువు ఎర్రదుమ్ము. పాత అంబాసిడర్లలో గాలి వడపోసే డబ్బా అడుగున నూనె ఉంటుంది. దుమ్ము దానిలో దిగుతుంది. ఆ నూనె బురదలా మారినా మార్చకపోతే దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోయి రింగులను అరగదీస్తుంది. కొల్లేటి దిగువన కైకలూరు, ఆకివీడు వైపు కథ వేరు. అక్కడ చెరువుల తడి గాలి, చేపల లారీల నుంచి రోడ్డు మీద కారే ఐసు నీళ్లు బండిని కింద నుంచి తింటాయి. ఎక్కడైనా సరే, బండిని మట్టి నేల మీద, గడ్డి మీద నిలపకూడదు. నేల చెమ్మ పైకి లేచి, టార్పాలిన్ కింద చిక్కుకుని బయటికి పోయే దారి లేక రేకుకే పడుతుంది. పక్కనే వరిగడ్డి వామి ఉంటే ఎలుకలు బానెట్ కింద కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. రైతుకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కదలని బండికే రోగాలెక్కువ

మన రాష్ట్ర చరిత్రలో రెండు పాత బండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రంగా ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుంచి ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును తెప్పించుకోదలచారు. పసుపు పచ్చని రంగు, వెనక సింహాసనం వంటి ఆసనం. అది చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. తరువాత అది ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో అరుదైన వేడుకలకు మాత్రమే బయటికి వచ్చింది. ఆ కారు మీటరు చూపించేది 356 మైళ్లు, అంటే సుమారు 573 కిలోమీటర్లు. ఏలూరు నుంచి హైదరాబాదు వెళ్లి వచ్చినంత దూరం కూడా లేదు. చివరికి దానిని మళ్లీ బాగుచేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టవలసి వచ్చింది. రెండవది అందరికీ తెలిసిన చైతన్య రథం. 1982లో ఎన్.టి. రామారావు ప్రచారానికి వాడింది అప్పటికే పాతదైన షెవ్రొలెట్ వ్యాను. హరికృష్ణ స్టీరింగు పట్టగా అది ఊరూరా తిరిగి, 1983 జనవరి ఎన్నికల దాకా నడిచింది. విలాసంలో దానికీ నిజాం కారుకూ పోలికే లేదు. నడకలోనూ లేదు.

నిలిచిపోయిన బండిలో ఏమవుతుంది? బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, చక్రాల దగ్గరి సిలిండర్లు బిగుసుకుంటాయి. క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది. టైర్లు ఒకే చోట బరువు మోసి సొట్టపడతాయి. టైరు పక్కన అచ్చువేసిన చివరి నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. పూలు ఎంత ఉన్నా, పక్కలు బీటలు వారిన ముసలి టైరుతో హైవే ఎక్కకూడదు.

వారానికోసారి షెడ్డులోనే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే సైలెన్సరులో చేరిన నీరు ఆవిరి కాదు, లోపల నుంచి తుప్పు పట్టిస్తుంది. పదిహేను రోజులకోసారి జంగారెడ్డిగూడెం దాకా పోయి వస్తే బండికీ మంచిది, మనిషికీ కాలక్షేపం.

పెట్రోలు బండ్లకు కొత్తగా ఇంకో చిక్కు వచ్చింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. మెట్టలో పండే మొక్కజొన్న కూడా ఇథనాల్ తయారీకి వాడే పంటే కనుక రైతుగా సంతోషించవలసిన విషయం. కారు యజమానిగా మాత్రం జాగ్రత్తపడాలి. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరులోని వాషర్లను పాడుచేస్తుంది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చునని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. గొట్టం చిట్లితే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది. అందుచేత ఆ మార్పును వాయిదా వేయడం తగదు. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు నిండా పెట్రోలు నిలవ ఉంచడం కూడా మంచిది కాదు.

ఇంజను సంగతా? దానికి మందు ఉంది. 1489 సి.సి. పెట్రోలు ఇంజనైనా, 1980లో వచ్చిన డీజిల్ ఇంజనైనా నిర్మాణం తేలిక. బోరింగు చేయించవచ్చు, క్రాంకు రుద్దించవచ్చు, ఇత్తడి రేడియేటరుకు మాటు వేయించవచ్చు. ఊళ్లో దొరకని సామాను కోసం 1966లో ఏర్పడిన బెజవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. కాంటెస్సాకు ఆ వెసులుబాటు తక్కువ. దాని అద్దాలు, దీపాలు, తలుపు రబ్బర్లు దొరకడమే గగనం. ఒకటి పగిలితే బండి నెలల తరబడి ఆగిపోవచ్చు.

ఆర్.సి. పుస్తకంలో ఎవరి పేరుంది?

పదిహేనేళ్లు దాటిన కార్లను ప్రభుత్వం పట్టుకుపోతుందన్న పుకారు పల్లెల్లో తరచు వినబడుతోంది. మన రాష్ట్రంలో సొంత కారుకు అలాంటి నిబంధన లేదు. వయసును బట్టి నిషేధం పెట్టింది ఢిల్లీ పరిసరాల్లో. ఇక్కడ పదిహేనేళ్ల తరువాత బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని చూసి సరేనంటే, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. అయితే ఖర్చు పెరిగింది. 600 రూపాయలున్న ఈ రుసుం 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. గడువు తప్పితే కారుకు నెలకు 500 వంతున అపరాధ రుసుం కూడా ఉంది. మూడేళ్లు మరిచిపోతే దానికే 18,000 అవుతుంది. దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి చేసుకోవచ్చు.

రుసుం కంటే పెద్ద అడ్డంకి పేరు. యజమాని పోయాక 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుని పేరుకు మార్చమని కోరాలి. పొలం పాసుపుస్తకం విషయంలో తొందరపడే కుటుంబాలు కారు దగ్గర ఆ పని చేయవు. పోయిన మనిషి పేరు మీదున్న బండికి పొడిగింపు దొరకదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర తగవు వస్తుంది. ఆ భారం స్టీరింగు పట్టినవారి మీద పడవచ్చు. అక్కచెల్లెళ్లతో సహా వారసులందరి సమ్మతీ ఒకరు బతికుండగా తీసుకోవడం సులువు, తరం మారాక కష్టం.

సత్తుపల్లి కూతవేటు దూరమే గనుక అటు నుంచి చవకగా బండ్లు ఇటు వస్తుంటాయి. వేరే రాష్ట్రపు నెంబరు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నెంబరు తీసుకోవలసిందే. అక్కడి నిరభ్యంతర పత్రం లేకుండా కొంటే అది కారు కొన్నట్టు కాదు, చిక్కు కొన్నట్టు.

మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు నిండిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు ఉంది. రుసుం 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నెంబరులో వి.ఎ. అక్షరాలు వస్తాయి. ఆశపడేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఆ నెంబరు వేసుకున్నాక రోజువారీ ప్రయాణాలకు వాడరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఆయిలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. రెండవది, బండి ఒళ్లు, ఇంజను పెద్దగా మార్పులు లేకుండా మొదటి రూపంలోనే ఉండాలి. పెట్రోలు ఖర్చుకు భయపడి ఎప్పుడో వేరే డీజిల్ ఇంజను దించిన బండికి ఈ గౌరవం దక్కదు. ఆ మార్పు ఆర్.సి.లో నమోదు కాకపోతే మామూలు పొడిగింపుకే చిక్కు.

అడుగు పూర్తిగా పుచ్చిన బండిని తుక్కుకు ఇవ్వడంలో తప్పు లేదు. ఊరి మీదికి వచ్చిన తుక్కు వ్యాపారికి చేతికిచ్చి పంపడం మాత్రం తప్పు. ఆర్.సి. రద్దు కాకపోతే ఆ ఛాసిస్ నెంబరుతో ఎక్కడ ఏ బండి తిరిగినా పాత యజమాని పేరే పలుకుతుంది. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో కొత్త సొంత బండికి పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

చివరి కాంటెస్సాలకు 2022 నాటికే ఇరవై ఏళ్లు నిండాయి. 2014లో ఉత్తర్‌పారాలో తయారైన చివరి అంబాసిడర్లకు 2029లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ బండ్లు ఇంట్లో ఉన్నవారు ఈ ఎండాకాలంలోనే, తొలకరి పడకముందే, ఒకసారి చాప పరుచుకుని కిందికి చూసుకోవడం మేలు. ఆ తరువాత బీరువాలోని ఆర్.సి. పుస్తకం తీసి, మొదటి పేజీలో ఎవరి పేరుందో చూసుకోవాలి.