మల్లన్న జాతరలో మాక్స్ గారి లైటు!

సినిమాకి జర్మన్లు పాతరోజుల్లో పెట్టుకున్న ముద్దుపేరు 'లిష్ట్‌ష్పీల్'. లిష్ట్ అంటే వెలుగు, ష్పీల్ అంటే ఆట. వెరసి 'వెలుగాట' అన్నమాట! మన తోలుబొమ్మలాట పక్కన నిలబెడితే చక్కగా అమరిపోయే పేరు. ఆ మాట వినగానే నాకు బెర్లిన్ స్టూడియోలు గుర్తుకు రాలేదు... కొమురవెల్లి మల్లన్న జాతర గుర్తుకొచ్చింది. ఎందుకంటారా? కరెంటు రాకముందు మన పల్లెల్లో రాత్రి ఆటలకి వెలుగిచ్చిన జర్మన్ దీపం ఒకటుంది. దాని పేరు మీ అందరికీ తెలుసు. పెట్రోమాక్స్!

"తమన్నా సినిమా కదూ?" అంటారు కుర్రకారు. ఏమాటకామాటే, అదీ నిజమే. 2017లో వచ్చిన మన 'ఆనందో బ్రహ్మ'ని 2019లో తమిళంలో తీసినప్పుడు పెట్టిన పేరది. కానీ అసలు మాక్స్ అనేవాడు ఒకడున్నాడని ఎంతమందికి తెలుసు?

బెర్లిన్‌లో 1866లో ఎరిష్ అండ్ గ్రేట్స్ అనే దీపాల కంపెనీ మొదలైంది. అందులో భాగస్వామి అల్బర్ట్ గ్రేట్స్. ఆయన కొడుకే మన మాక్స్ గ్రేట్స్. 1910 ప్రాంతంలో ఈయన హయాంలోనే కిరసనాయిలుని ఆవిరి చేసి మండించే దీపం బయటికొచ్చింది. పెట్రోలియంలోని ముందుముక్కకి ఈయన పేరు అతికించారు, పెట్రోమాక్స్ అయింది. డాల్డా ఎలాగైతే వనస్పతికంతటికీ పేరైపోయిందో, ఎవరు తయారుచేసినా ఆ బాపతు దీపాలన్నీ మనవాళ్లకి పెట్రోమాక్సులే. కాస్త పెద్దవాళ్లయితే 'గ్యాసులైటు' అంటారు. తెలంగాణలో కిరసనాయిలుని గ్యాసునూనె అనే అంటారు కదా మరి!

అది వెలిగించడం చూశారా ఎప్పుడైనా? పెద్ద తతంగం. అడుగున టాంకులో నూనె పోసి, స్పిరిటుతో గొట్టాన్ని వేడిచేసి, పంపు కొడితే నూనె పైకెక్కి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలితో కలిసి మాంటిల్ అనే చిన్న గుడ్డసంచిలో మండుతుంది. తమాషా ఏమిటంటే, మొదటి మంటకే గుడ్డ కాలిపోతుంది. మిగిలేది సాలెగూడులాంటి బూడిద. తెల్లగా జ్వలించేది ఆ బూడిదే! ఒక్క పురుగు గట్టిగా తగిలిందా, మాంటిల్ గోవిందా. అన్నీ కుదిరితే 500 కొవ్వొత్తుల వెలుగు, లీటరు నూనెకి 8 గంటలపాటు. రాత్రి పదింటికి కథ మొదలైతే తెల్లవారుజామున ఆరుదాకా ఢోకా లేదు.

ఆ బూడిదలో వుండేది థోరియం. దానికి చిటికెడు సీరియం చేర్చే కిటుకు ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో కనిపెట్టాడు. మరి థోరియం ఎక్కడిది? ఇక్కడే కథలో మలుపు! 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన నిపుణుడు మన దేశంనుంచి వచ్చిన కొబ్బరిపీచుకి అంటుకున్న ఇసకని పరీక్షిస్తే, అందులో థోరియం వుండే మోనజైట్ కనబడింది. వెంటనే ఆయన తిరువాన్కూరు సంస్థానంలోని మణవాళకురిచ్చి తీరానికొచ్చి ఇసక తవ్వించి జర్మనీకి పంపించాడు. అదే బాపతు ఇసక మన భీమిలి తీరంలోనూ వుంది. అంటే మన సముద్రపు ఇసక ఓడెక్కి సీమకెళ్లి, వెలుగై తిరిగొచ్చిందన్నమాట. సినిమా రచయిత రాస్తే నిర్మాత నమ్మడు!

ఇప్పుడు అదే జర్మనీలో ఇంకోవైపు చూద్దాం. 1919లో వైమార్ అనే వూళ్లో బౌహౌస్ అనే కళాశాల పెట్టారు. నగిషీలు వద్దు, వస్తువు చేసే పనిలోంచే దాని అందం పుట్టాలి, యంత్రంమీద తయారై సామాన్యుడి ఇంటికి చేరాలి... ఇదీ వాళ్ల పట్టుదల. విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ అనే 24 ఏళ్ల కుర్రాడు 1924లో అక్కడ ఒక టేబుల్ లైటు చేశాడు. గుండ్రటి అడుగు, సన్నటి కాడ, పైన పాలగాజు బోర్లించిన గిన్నె. అంతే! దాన్ని లైప్‌జిగ్ సంతకి తీసుకెళితే వర్తకులు నవ్వారట. చూడ్డానికి యంత్రంమీద చౌకగా చేసినట్టుంది, ధర చూస్తే చేతిపని ధర! ఆ చిక్కు కొంత విప్పింది మరియాన్నె బ్రాండ్ట్ అనే ఆవిడ. లోహాల పనిశాలలో మగవాళ్ల మధ్య నెగ్గుకొచ్చి, 1928 నుంచి కాండెమ్ కంపెనీ ద్వారా తన లైట్లు వేలల్లో అమ్ముడయ్యేలా చేసింది. వాళ్ల గురువు లాస్లో మొహోలీ నాగీ అయితే తిరిగే చిల్లుల రేకులమీద లైట్లు వేసి, ఆ నీడలనే 1930లో చిన్న సినిమాగా తీశాడు. పేరులోనే 'లిష్ట్‌ష్పీల్' వుంది! 1933లో నాజీల ఒత్తిడికి కళాశాల మూతపడింది.

ఈ కొత్తరకం జర్మన్ సోకు మన దేశానికి రాకపోలేదు. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ 1930 దశకం మొదట్లో ఎకార్ట్ ముథేసియస్ అనే బెర్లిన్ ఆర్కిటెక్టుతో మాణిక్‌బాగ్ మహలు కట్టించుకున్నాడు. అందులో లైట్లు బిగించిన కుర్చీలు కూడా వున్నాయి. మన పాత సినిమాల్లో హీరోయిన్ తండ్రి బంగళా సెట్టు తలచుకోండి, దానికి తాత అది. 1980లో ఆ సామానులో చాలాభాగం మొనాకోలో వేలానికి పోయింది. ఇక బాంబే టాకీస్‌కి వచ్చిన జోసెఫ్ విర్షింగ్ 'మహల్' (1949)లో నీడలతో ఎలా భయపెట్టాడో పాతసినిమా ప్రియులకి తెలిసే వుంటుంది. మహారాజుల లైటు మహలులో వుండిపోయింది, స్టూడియో లైటు స్టూడియోలో వుండిపోయింది. సామాన్యుడి గుమ్మందాకా నడిచొచ్చింది మాత్రం ఏ కళాశాలా చూడని మాక్స్ గారి నూనెదీపమే. నా మటుకు నాకు బౌహౌస్ వాళ్లు కలగన్న దీపం అదే అనిపిస్తుంది. దానిమీద ఒక్క నగిషీ లేదు. ప్రతి ముక్కకీ ఒక పని వుంది.

సరే, కొమురవెల్లికి వద్దాం. హైదరాబాదునుంచి వంద కిలోమీటర్ల లోపే. 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో వుంది. సంక్రాంతి తర్వాత మొదలైన జాతర వుగాదిదాకా ఆదివారం ఆదివారం సాగుతుంది. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడితో నేలమీద పట్నం వేసి, మల్లన్న కథ చెబుతారు. గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మల కథ చెబుతారు. ఒక్క మనిషే రాజవుతాడు, రాణవుతాడు, మధ్యలో గొర్రెలకాపరీ అవుతాడు. జనగామ వైపు మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య (1935–2017) ఈ కళతోనే 2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

ఇటువంటి ఆటకి లైటు మారితే ఏమవుతుందో ఆలోచించండి. కూచిపూడి భాగవతుల్లో పాత్ర ప్రవేశానికి కాగడాలు పట్టి, వాటిమీద గుగ్గిలం చల్లి భగ్గుమనిపించేవారు. కాగడా నటుడి మొహం వెంటే తిరుగుతుంది. అది క్లోజప్! పెట్రోమాక్స్ అలా కాదు. గుంజకి వేలాడదీస్తే కథకుడూ, వంతలూ, డోళ్లూ, ముందువరసలో కునికే ముసలమ్మా అందరూ ఒకేసారి కనబడతారు. అది లాంగ్‌షాట్! కందిలి మసక వెలుతురులో కలగలిసిపోయే పసుపూ తెలుపూ ఆ తెల్లటి వెలుగులో వేటికవి విడివిడిగా నిలబడతాయి.

గుట్టకింద ఒకప్పుడు లైట్లు అద్దెకిచ్చిన ముసలాయన దొరికాడు. ఇప్పుడంతా ఎల్‌ఈడీలు, జనరేటర్లు.

"తాతా, రాత్రంతా లైటు చూసుకోవడం కష్టమేనా?" అని అడిగాను.

"గదే కష్టం బిడ్డా. నడుమ నడుమ పంపు కొట్టాలె. మర్సిపోతె లైటు గుడ్డిగయితది. గప్పుడు ఒగ్గాయన కథ ఆపి మా దిక్కే సూశెటోడు. లైటు గుడ్డిగైతె మల్లన్న లగ్గం సుత ఆగాలె!" అని పకపకా నవ్వాడు.

అద్దె ఎక్కువొచ్చేది జాతరలో కాదట, పెళ్లిళ్ల బరాత్‌లో. నెత్తిన సుట్టబట్ట పెట్టి, దానిమీద లైటు ఎత్తుకుని, పెండ్లికొడుకు గుర్రానికి అటూ ఇటూ నడవాలి. పెట్రోమాక్స్‌లో టాంకు అడుగున వుంటుందని చెప్పాను కదా... అందువల్ల దాని నీడ సరిగ్గా మోసేవాడి మొహంమీదే పడుతుంది. దీపం కింద చీకటి అనే సామెతకి ఇంతకన్నా బొమ్మ గీయలేం.

"ఊరందరి బరాత్ ఫోటోలల్ల మా లైటు ఉంటది, మేం ఉండం. నెత్తి మాడేది, కండ్లల్లకు చెమట కారేది. నా పెండ్లికి ఒక్కనాడే ఎవలో మోస్తె నేను వెలుగుల నడిసిన" అన్నాడు తాత. ఆనాడు మోసినవాళ్లు ఎవరు తాతా అంటే నలుగురి పేర్లూ గడగడా చెప్పాడు. ఇంటివెనక కొట్టంలో రెండు లైట్లు మిగిలాయట. మాంటిళ్లు దొరకక వెలిగించడం లేదు.

మిగతావేమయ్యాయి?

"పట్నంకెళ్లి సిన్మావాళ్లొచ్చి నాలుగు కొనుక్కపోయిండ్రు. పాతకాలం సీనట. ఏ సిన్మానో జర కనుక్కో బిడ్డా, పొయ్యి సూస్త. ఒకదానికి టాంకు మీద సొట్ట ఉంటది, గుర్తువడ్త."