చంపిన వారికి మైకు, పోయిన వారికి అంకె

సామూహిక కాల్పుల వార్తల్లో ఎవరి గొంతు వినిపిస్తోంది? ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న సలువా ఈ ప్రశ్నకు పాత సాక్షి

ఖరగ్‌పూర్‌లో కాలేజీ విద్యార్థులతో కళకళలాడే ఇందా నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే సలువా. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్ర స్థావరం అక్కడే. 2010 ఫిబ్రవరి 15న జంగల్‌మహల్‌లోని సిల్దా శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి ఆ దళానికి చెందిన 24 మంది జవాన్లను చంపారు. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నేత కిషన్‌జీ వెంటనే మీడియాకు ఫోన్ చేసి, ఇది ఆపరేషన్ గ్రీన్‌హంట్‌కు జవాబని ప్రకటించారు. కెమెరాకు వీపు చూపిస్తూ ఆయన ఇచ్చే ఇంటర్వ్యూలు అప్పటికే చానళ్లకు అలవాటే.

జవాన్ల పక్షాన మాట్లాడిన అధికారి కూడా ముఖం కప్పుకోవాల్సి రావడం విచిత్రం. దళం స్పెషల్ ఐజీ వినయ్ చక్రవర్తి ముఖానికి గుడ్డ చుట్టుకుని విలేకరుల ముందుకొచ్చారు. దళాన్ని దుర్వినియోగం చేస్తున్నారని దుయ్యబట్టారు. ఫలితం: సస్పెన్షన్. ఈ రెండు ముసుగుల మధ్య 24 మంది జవాన్లు ఒక అంకెగా మిగిలిపోయారు.

ఇది ఒక్క జంగల్‌మహల్ కథే కాదు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన విద్యార్థి మధ్యలో తీరిక చేసుకుని తన వీడియోలను ఎన్‌బీసీకి పోస్టు చేశాడు. చానల్ వాటిని ప్రసారం చేసి విమర్శల పాలైంది. అమెరికాలో ఒక సామూహిక హత్యాకాండ జరిగాక సగటున 13 రోజులపాటు అలాంటిదే మరొకటి జరిగే అవకాశం పెరుగుతోందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఒంటరి హంతకుడు కోరేది పేరు, సాయుధ సంస్థ కోరేది ప్రచారం. రెండూ దొరికేది వార్తల్లోనే.

ముంబై దాడుల ప్రత్యక్ష ప్రసారాలను 2012లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల లైవ్ కవరేజీని 2015లో కేంద్రం నిషేధించింది. 2019లో క్రైస్ట్‌చర్చ్‌లో 51 మందిని బలిగొన్న హంతకుడి పేరు తన నోట రాదని న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులోనే చెప్పారు.

అలాగని మౌనమే మందు కాదు. 2011 జనవరి 7న లాల్‌గఢ్ సమీపంలోని నేతాయ్‌లో కాల్పులకు తొమ్మిది మంది గ్రామస్థులు బలయ్యారు. ఆ వార్తను పత్రికలు వదలలేదు. కలకత్తా హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. వార్త రాయాలా వద్దా అన్నది కాదు సమస్య, అందులో ఎవరికి ఎంత చోటివ్వాలన్నదే.

కిషన్‌జీ 2011 నవంబర్‌లో ఎదురుకాల్పుల్లో మరణించినట్లు పోలీసులు ప్రకటించారు. ఆ మరణంపై చర్చలు రోజుల తరబడి సాగాయి. సిల్దా కేసులో 23 మందిని మిడ్నపూర్ కోర్టు దోషులుగా నిర్ధారించేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. ప్రకటనలు గంటల్లో వచ్చిన చోట న్యాయానికి 14 ఏళ్లు పట్టింది. సలువా ఇళ్లు ఎదురుచూసిన వార్త అదొక్కటే.