ప్రేడర్–విల్లీ సిండ్రోమ్: ఒకే జన్యులోపం, రెండు దశలు

4.3.1 పరిచయం

నవజాత శిశువును ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్లు మెత్తగా ఉంటుంది. ఏడుపు బలహీనంగా ఉంటుంది. పాలు చప్పరించే శక్తి ఉండదు. ఈ మూడు లక్షణాలు కలిసి కనిపించినప్పుడు అనుమానించవలసిన అరుదైన జన్యు రుగ్మతలలో ప్రేడర్–విల్లీ సిండ్రోమ్ ఒకటి. 1956లో జూరిచ్ వైద్యులు ప్రేడర్, లాబార్ట్, విల్లీ దీనిని వర్ణించారు. సుమారు 15,000 నుంచి 25,000 జననాలలో ఒకరికి ఇది వస్తుంది.

4.3.2 లక్షణాలు

విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా కండరంలో కొంత బిగువు ఉంటుంది. దానినే కండర బిగువు అంటారు. ఈ రుగ్మతలో అది తగ్గిపోవడానికి కారణం కండరంలోని జబ్బు కాదు, మెదడు నియంత్రణలోని లోపం. అందువల్ల ఎదుగుదల మెట్లు ఆలస్యమవుతాయి. బిడ్డ కూర్చోవడానికి సుమారు 12 నెలలు, నడవడానికి సుమారు 24 నెలలు పట్టవచ్చు.

రెండవ దశ ఇందుకు పూర్తిగా భిన్నం. రెండు మూడేళ్ల వయసు నుంచి బరువు పెరుగుతుంది. ఆ తరువాత క్రమంగా ఆకలి అదుపు తప్పుతుంది. కడుపు నిండిందన్న సంకేతాన్ని హైపోథాలమస్ సరిగా అందించదు. పొట్టితనం, చిన్న చేతులు, పాదాలు, స్వల్ప బుద్ధిమాంద్యం కూడా కనిపిస్తాయి.

4.3.3 కారణం

మనకు ప్రతి క్రోమోజోము తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. 15వ క్రోమోజోము పొడవు భుజంలోని ఒక ప్రాంతంలో, తల్లి నుంచి వచ్చిన కొన్ని జన్యువులు సహజంగానే మౌనంగా ఉంటాయి. తండ్రి నుంచి వచ్చినవే పనిచేస్తాయి. దీనిని జన్యు ముద్రణ అంటారు. తండ్రి భాగం లేకపోతే పనిచేసే ప్రతి మిగలదు.

సుమారు 70 శాతం మందిలో తండ్రి క్రోమోజోములోని ఆ ముక్క లోపిస్తుంది. సుమారు 25 శాతం మందిలో రెండు ప్రతులూ తల్లి నుంచే వస్తాయి. మిగిలిన కొద్దిమందిలో ముద్రణలోనే లోపం ఉంటుంది. అదే ప్రాంతంలో తల్లి భాగం లోపిస్తే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే వేరే రుగ్మత వస్తుంది.

ఈ మార్పులు ఎక్కువగా యాదృచ్ఛికమైనవి. మేనరికం దీనికి కారణం కాదు. తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా ఒక శాతం కంటే తక్కువ. ముద్రణలోపం ఉన్న కొన్ని కుటుంబాలలో మాత్రం అది 50 శాతం వరకు ఉండవచ్చు. కాబట్టి జన్యు సలహా తప్పనిసరి.

4.3.4 నిర్ధారణ, సంరక్షణ

డీఎన్ఏ మిథైలేషన్ పరీక్షతో దాదాపు అన్ని సందర్భాలనూ గుర్తించవచ్చు. పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. శైశవంలో గొట్టం ద్వారా పాలు, ఫిజియోథెరపీ, తరువాత గ్రోత్ హార్మోన్, కొలత ప్రకారం ఆహారం అవసరం. వంటగదికి, ఫ్రిజ్‌కు తాళం వేయవలసి రావచ్చు. అది కాఠిన్యం కాదు, చికిత్సలో భాగం. ఇంటికి వచ్చిన బంధువు ప్రేమతో పెట్టే లడ్డూ కూడా ఇక్కడ హాని చేస్తుంది.

నిర్ధారణ ఆలస్యమైతే తల్లి రెండుసార్లు నింద మోస్తుంది: మొదట పాలు పట్టడం చేతకాదని, తరువాత అతిగా తినిపించిందని. రెండూ నిజం కావు. ఈ విషయం చెప్పగలగడమే ఈ పాఠం నేర్చుకున్నందుకు మొదటి ప్రయోజనం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జన్యు ముద్రణ అంటే ఏమిటి?
2. ఈ రుగ్మతలోని రెండు దశలను పోల్చండి.
3. ఆహార నియంత్రణను చికిత్సలో భాగమని ఎందుకు అంటారు?