గాయం మీద నురగ ఎందుకు?

మోకాలు గీరుకుపోయిన చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురగ పొంగుతుంది, చూశారా? అది రక్తంలోని కాటలేజ్ అనే ప్రోటీన్ పని. పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజన్ బుడగలే నురగ.

అయితే కాటలేజ్ ఉన్నది సీసాలో మందు కోసం కాదు! పీల్చిన ఆక్సిజన్‌తో కణాలు శక్తి తయారుచేసుకుంటుంటే కాస్త సూపర్‌ఆక్సైడ్ కూడా పుడుతుంది. దాన్ని ఎస్‌ఓడీ అనే మరో ప్రోటీన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. (ఈ సంగతి 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ బయటపెట్టారు.) ఆ పెరాక్సైడ్ మిగిలిపోయి ఇనుముతో కలిసిందా, హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. మహా దుడుకుది! డీఎన్ఏలోని ‘జి’ అక్షరాన్ని పాడుచేస్తుంది. పాడైన ‘జి’ తన జోడీ ‘సి’ని వదిలి ‘ఎ’తో జతకట్టవచ్చు. అలా రాతలో తప్పు దొర్లుతుంది. అందుకే కాటలేజ్‌కి అంత తొందర: ఒక్క అణువే సెకనులో లక్షల పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు.